సీనియమ్మాళ్ రెండో చరణం

తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్ళలో అగ్గిపెట్టెలు చేసే చోటును ఎవరూ ఫ్యాక్టరీ అనరు, ఆపీసు అంటారు. పొద్దున్నే చద్దన్నం డబ్బా చేతపట్టుకుని "ఆపీసుకు పోతా ఉండాము" అని దర్జాగా చెప్పి నడిచే ఆడవాళ్ళను చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గర్లో ఏదో కలెక్టరాఫీసు ఉందనుకుంటారు. సీనియమ్మాళ్ అలాంటి ఆపీసులో ఇరవై ఒక్క ఏళ్ళు పని చేసింది. ఆమెకు కుర్చీ లేదు, బల్ల లేదు, నేలమీద చాపే. చదువు నాలుగో తరగతి, అదీ అరవంలో. ఇంట్లో మాట్లాడే తెలుగును రాస్తే ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారైనా చూసి ఎరగదు. అయినా సరే, ఎనభైల్లో వచ్చిన అరవ సినిమా పాటల గురించి ఎవరైనా పెద్దమనిషి మాట్లాడదలిస్తే, ముందు వెళ్ళి ఆమె చాపమీద ఒక మూల కూర్చుని రావాల్సిందే.

ఆమెకు పాట తెలుసంటే మాటలు తెలుసని మాత్రమే కాదు. పల్లవికి ముందు వయొలిన్లు ఎన్నిసార్లు పైకి లేచి దిగుతాయో తెలుసు. ఫ్లూటు వాయించేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలుసు. అవన్నీ నోటితోనే పలికించేది. ఇదేమీ సరదాకు నేర్చిన విద్య కాదు, చేతిపని కోసం నేర్చింది. ఆమె పని కట్టె పేర్చడం. అగ్గిపుల్లల్ని ఒక్కొక్కటీ గాడిలో పెట్టి, వరస నిండగానే పైన పలక వేసి, మళ్ళీ ఇంకో వరస. అలా యాభై చిల్లర పలకలు చట్టంలో బిగిస్తే, ఆ చట్టాన్ని తీసుకుపోయి మందులో ముంచుతారు. చేతులు ఒకే తాళంలో నడవకపోతే పుల్లలు వంకర పోతాయి. ఆ తాళం కోసమే పాట. పల్లవీ రెండు చరణాలూ ఉన్న పాట పూర్తయ్యేలోగా ఎనిమిది పలకలు నిండాలి. గడియారం చూడడం రాని వాళ్ళు కూడా ఈ లెక్క తప్పేవాళ్ళు కాదు.

పాటలు వచ్చేది సూపర్‌వైజర్ రామకృష్ణన్ ట్రాన్సిస్టరులోంచి. ఆయనా తెలుగు మనిషే, మంచివాడే, కానీ గంట అంటే గంట. మధ్యాహ్నం అన్నాల వేళ రేకుల పంచలో స్తంభానికి ట్రాన్సిస్టరు తగిలించి, ఒంటిగంట కొట్టగానే చెవి మెలిపెట్టినట్టు దాని గుండీని మెలిపెట్టి ఆపేసేవాడు. లోపల పాడుతున్నది సరస్వతీదేవి అయినా ఆయనకు లెక్కలేదు.

ఆ అరగంట కోసం ఎనభై మంది ఆడవాళ్ళు పొద్దుట్నుంచీ ఎదురుచూసేవాళ్ళు. సీనియమ్మాళ్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. రేడియోలో పాటకు ముందు ఒక గొంతు నిదానంగా సినిమా పేరు, పాడినవాళ్ళ పేర్లు, పాట రాసినవాళ్ళ పేరు చెప్పేది. మొదటిసారి అది చెవిన పడిన రోజు ఆమె అన్నం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమ్మే ముత్తుప్పేచ్చీ, పాట్టును రాస్తారా?" అని పక్క చాప మనిషిని అడిగింది.

ముత్తుప్పేచ్చి ఆమెకన్నా రెండేళ్ళు పెద్దది, నోరు మాత్రం నాలుగేళ్ళు పెద్దది. "రాయకుంటే? చెట్టుకు కాస్తాదా?"

కాస్తుందనే ఆమె అనుకుంది మరి. వాన వస్తుంది, గాలి వస్తుంది, పాట వస్తుంది అనుకుంది. ఎక్కడో ఒక మనిషి, పేరున్న మనిషి, కూర్చుని మాట వెనక మాట పెడతాడని, ఆ మాటలు ఇంత దూరం వచ్చి తన వేళ్ళను నడిపిస్తాయని తెలిసినప్పటి నుంచీ ఆమెకు ఆశ్చర్యం తీరలేదు. పుల్ల వెనక పుల్ల పెట్టే మనిషి కాబట్టి, ఆ పని ఎంత కష్టమో వెంటనే అర్థమైంది.

ఎనభై నాలుగు చివర్లో ఆ పాట వచ్చింది. ఏ సినిమాలోదో ఇక్కడ అనవసరం. ఏటి ఒడ్డున ఒక పడుచు పడవ కోసం కాచుకుని పాడే పాట. మొదట ఒక్క ఫ్లూటు, తర్వాత వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఆ మీదట ఆ గొంతు. మొదటిసారి విన్నప్పుడు ఎనభై మందిలో ఒక్కరు కూడా నమల్లేదు.

కానీ ఒక పెద్ద ఇబ్బంది. అందరూ ఉత్తరాలు రాసి అడిగే పాట కాబట్టి రేడియోవాళ్ళు దాన్ని చివర్లో వేసేవాళ్ళు. పల్లవి అయ్యేది, మొదటి చరణం అయ్యేది, రెండో చరణానికి ముందు వయొలిన్లు లేచేవి, ఒంటిగంట కొట్టేది. రామకృష్ణన్ చెయ్యి గుండీ మీద పడేది. ప్రతిసారీ అంతే. బతిమాలితే "రూలమ్మా, నాదేముండాది" అనేవాడు. ఊళ్ళో మైక్‌సెట్ పెట్టేవాడి దగ్గర ఆ రికార్డు లేదు. టూరింగ్ టాకీసుకు ఆ సినిమా వచ్చేసరికి రీలు అరిగిపోయి, పాట మొదటి చరణంతోనే తెగి, ఏకంగా తర్వాతి ఫైటులో పడింది. అందుకని పనిలో ఆ పాట ఎత్తుకున్నప్పుడల్లా సగంలో అందరి చేతులూ ఒక్కసారిగా తడబడేవి. నాలుగు పలకలకే పాట అయిపోతే మిగతా నాలుగింటికి ఏం చేసేది?

మరుసటి ఏడు పంగుని నెలలో, మార్చి చివర్లో, సీనియమ్మాళ్ పదిరోజులు విరుదునగర్ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి మిరపకాయల మండీలో పనిచేసే చిన్నాన్న ఇల్లు. చిన్నమ్మ మీనాక్షియమ్మాళ్ కూతురికి పురుడు, సాయానికి మనిషి కావాలి. ఆ ఇంట్లో పెద్ద రేడియో ఉందని తెలియగానే ఆపీసంతా ఆమె చుట్టూ చేరింది.

"పురుడు ఎట్లాగైనా అవతాది. నువ్వు మాత్రం రెండో చరణం లేకుండా రావొద్దు," అంది ముత్తుప్పేచ్చి. చాపలన్నిటి మీదా తలలు ఊగాయి.

అలా ఎనభై మంది తరఫున రాయబారిగా వెళ్ళింది. ఎనిమిది రోజులు బాలింతకు వేణ్ణీళ్ళు కాస్తూ, చెవి మాత్రం రేడియో మీద పెట్టి కాచుకుంది. పాట రాలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఫ్లూటు, వయొలిన్లు, పల్లవి, మొదటి చరణం. సీనియమ్మాళ్ వంటింటి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. రెండో చరణానికి ముందు వయొలిన్లు లేచాయి. అదే క్షణాన మిద్దె మీదినుంచి చిన్నమ్మ కేక.

"సీనీ! వాన్లు! మిరపపండ్లు తడిసిపోతాయి, పరిగెత్తి రాయే!"

ఏడాదికి నాలుగు రోజులు వాన పడితే గొప్ప అనుకునే ఊరు అది. మిద్దె నిండా ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు. సాయానికని వచ్చిన పిల్ల "పాట అయ్యాక వస్తా" అనగలదా? పరుగెత్తింది. గోనె సంచులు, చీర చెంగు, చేటలు, దేనికి పడితే దానికి ఎత్తి, వసారా, గదులు, చివరికి బాలింత మంచం కింద కూడా చోటు చేసి పోసి, కళ్ళు మండుతూ దిగి వచ్చేసరికి రేడియోలో తలనొప్పి మాత్రల ప్రకటన. ఆమె ఆ రోజు ఏడ్చింది. మిరప ఘాటు అనుకుని చిన్నమ్మ మజ్జిగ ఇచ్చింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎనభై మంది మొహాలు వరసగా కనిపించాయి. ఉత్త చేతులతో ఎలా వెళ్ళేది? సాత్తూరు వచ్చేసరికి ఒక మాట తట్టింది. ఆ మాటకు వెనక ఇంకో మాట పెట్టింది. కోవిల్‌పట్టి బస్టాండులో దిగేసరికి రెండో చరణం తయారుగా ఉంది. కట్టింది అరవంలోనే. మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

మబ్బు కమ్మిందని పరుగెత్తితిని
ఎండే మిరపపండ్లు ఎత్తుకొస్తిని
ఇల్లంతా చోటు చేసి పోస్తిని
నువ్వు తడిసి వస్తే దాచేందుకు
నాకు చోటేదయ్యా

మర్నాడు ఆపీసులో పాడి వినిపించింది.

"మిరపపండ్లా?" అంది ముత్తుప్పేచ్చి.

"అవు."

"ఏటి ఒడ్డున?"

"విరుదునగర్ రేడియోలో అట్లే పాడినారు," అని సీనియమ్మాళ్ తల వంచుకుని పుల్లలు ఏరింది.

ఎవరూ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముత్తుప్పేచ్చి చట్టం దగ్గరికి లాక్కుని, "సరి, ఎత్తుకో మళ్ళా" అంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆ పాటకు ఎనిమిది పలకలు నిండాయి. చేతులు ఎక్కడా తడబడలేదు.

ఆ తర్వాత ఆమెకు పెళ్ళయింది. మొగుడు బాలకృష్ణన్ నల్లరేగడిలో పత్తి, మినుము వేసుకునే మనిషి, పాట అంటే నిద్రపోయే మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆపీసు మానలేదు. ఆ చరణం ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. మొదటి మాట ఆమె అంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు.

తొంభై ఒకటిలో చిన్నమ్మ ఇంట్లో చెవులు కుట్టే వేడుకకు విరుదునగర్ వెళుతోంది. కొత్తగా వచ్చిన ప్రైవేటు బస్సు, డ్రైవరు నెత్తిమీద టేప్‌రికార్డరు, పైన వరసగా స్పీకర్లు. నిద్రకొచ్చిన పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని జోకొడుతూ ఉండగా, ఆ ఫ్లూటు వినిపించింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏడేళ్ళుగా వేలసార్లు పాడిన పాట. కానీ దాని అడుగున ఇంకో పాట ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అరచేతంత ట్రాన్సిస్టరులో ఎన్నడూ వినపడని లావు తీగల చప్పుడు, సీటు కిందనుంచి లేచి, కాళ్ళలోంచి కడుపులోకి వచ్చింది. పాట ఇన్నాళ్ళూ గాల్లో ఉందనుకుంది, దానికి కాళ్ళున్నాయి, నేలమీద నడుస్తోంది. ఇంత పెద్దదాన్నా మేము నోటితో పాడుకుంటున్నది అని ఆమెకు అనిపించింది. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఎక్కడో గదిలో కూర్చుని, వినపడని చోట కూడా ఇంత పని చేసి పెట్టారు. ఎవరు అడిగారు వాళ్ళను? ఎవరు వింటారని చేశారు?

తర్వాత రెండో చరణం వచ్చింది.

అందులో మిరపకాయలు లేవు. ఏరు ఎండిపోయిందని తెలిసి కూడా పడవ కోసం కాచుకున్నానని ఆ పడుచు చెప్పింది, అంతే. సీనియమ్మాళ్ బస్సులో అందరి ముందూ బోరుమంది. కండక్టరు టికెట్ పోయిందా అని అడిగాడు. ఏం పోయిందో ఆమె ఏం చెబుతుంది? అంత గొప్ప చరణాన్ని పక్కకు నెట్టి, మిద్దెమీది మిరపకాయలు తెచ్చి అక్కడ పోసింది తను. ఎనభై మందికి అబద్ధం చెప్పింది. ఇవాళ తను విన్నది, రేపు వాళ్ళు వింటారు. ముత్తుప్పేచ్చి నోట్లో ఒకసారి పడితే ఆ ఆపీసులో మళ్ళీ తలెత్తి పాడగలదా? పాట లేకపోతే ఆ చాపమీద ఆమెకు ఇంకేముంది?

ఆ భయం పన్నెండేళ్ళు ఆమెతో కాపురం చేసింది. తనే చెబుదామని ఎన్నోసార్లు మాట నోటిదాకా వచ్చినా, చేతులన్నీ తాళంలో నడుస్తుంటే చూసి మింగేసింది. ఒకసారి వత్రాప్‌లో ఎవరిదో పెళ్ళికి వెళితే, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కొబ్బరి తురుముతూ అదే పాట పాడుతున్నారు, అదే మిరపపండ్లు. తమ ఆపీసు పిల్లలెవరో ఆ ఊరికి కోడళ్ళుగా వెళ్ళి ఉంటారు. వాళ్ళు పాడుతుంటే తను కట్టిన మాటలు కొండ కింది ఈ ఊరిదాకా తనకన్నా ముందు నడిచి వచ్చాయని ఆమెకు అద్భుతంగా అనిపించింది. వెంటనే, అబద్ధం ఇంత దూరం వచ్చిందే అని గుండె జారింది. సంతోషం ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియలేదు. తినకుండానే లేచి వచ్చేసింది.

రెండు వేల మూడులో ఆపీసుకు యంత్రం వచ్చింది. కట్టె పేర్చే పని ఆ దీపావళితో సరి. రామకృష్ణన్ కూడా పని మానుకుంటున్నాడు. ఆయుధ పూజకు చట్టాలన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి వరసగా నిలబెట్టారు. బొరుగులూ బెల్లమూ పంచుతూ రామకృష్ణన్ ఒక మాట చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి కోవిల్‌పట్టి నుంచి పాటకచ్చేరి వాళ్ళు వస్తున్నారు. అన్నీ ఎనభైల పాటలే.

"ముక్కెంగా ఆ ఏటిపాట్టు. నేను అన్ని దినాలు మద్దిలో ఆపేస్తిని కదా. ఇంట్లో కూసుంటే అదే మనసులో తిరగతాది. ఈ ఒక్క దినం ఆకరుదాకా ఇనండమ్మా," అన్నాడు.

సీనియమ్మాళ్ ఆయన వెనకే వెళ్ళింది. "అన్నా, ఆ పాట్టు మాత్రం వద్దన్నా."

"ఏమ్మా, నీ పాట్టే కదా అది!"

తలనొప్పి అని ఇంటికి బయల్దేరితే ముత్తుప్పేచ్చి గేటు దగ్గర రెక్క పట్టుకుంది. "తలనొప్పికి పాట్టే మందు. రా," అని లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, పారిపోకుండా చీర చెంగు మీద తను కూర్చుంది.

కచ్చేరి వాళ్ళు ఆరుగురే. పాడే అమ్మాయి శివరంజని, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఆ పాటలు వచ్చినప్పుడు ఉయ్యాల్లో ఉండి ఉంటుంది. రేడియోలోలాగే ప్రతి పాటకు ముందూ సినిమా పేరు, రాసినవాళ్ళ పేరు చెప్పి పాడింది. ఫ్లూటు ఒక ముసలాయన వాయించాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడని సీనియమ్మాళ్ అనుకుందో సరిగ్గా అక్కడే ఆయన రొమ్ము పొంగింది. కళ్ళతో చూస్తుంటే ఆమె భయం కూడా ఒక్క క్షణం మరిచిపోయింది. ఇన్నేళ్ళూ తను నోటితో తీసిన ఊపిరి నిజంగా ఒక మనిషిది.

ఏటిపాట వచ్చింది. పల్లవి. మొదటి చరణం. ఎనభై మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు, వేళ్ళు మాత్రం వాటంతటవే లేని పుల్లల్ని గాడిలో పెడుతున్నాయి. రెండో చరణానికి ముందు వయొలిన్ల భాగాన్ని కీబోర్డు ఎత్తుకుంది. రామకృష్ణన్ ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సీనియమ్మాళ్ రెండు అరచేతులూ చెవుల మీద గట్టిగా నొక్కుకుని, కళ్ళు మూసుకుని, తల మోకాళ్ళ మధ్య దాచుకుంది. ఇంక అయిపోయింది. ఇప్పుడు అందరూ అసలు చరణం వింటారు. ఇప్పుడు ఎనభై తలలు తన వైపు తిరుగుతాయి.

ఎంతసేపు అలా ఉందో తెలియదు. ఎవరో ఆమె చేతులు పట్టుకుని చెవుల మీదినుంచి లాగారు. ముత్తుప్పేచ్చి. నోరంతా తెరిచి పాడుతోంది. ఆమె ఒక్కతే కాదు, పంచంతా పాడుతోంది.

*నాకు చోటేదయ్యా*

శివరంజని మైకు దించేసి చూస్తూ నిలబడి ఉంది. ముసలాయన మాత్రం ఆపకుండా ఫ్లూటుతో వాళ్ళ వెనకే పోతున్నాడు.

పాట ఆగాక సీనియమ్మాళ్ ముత్తుప్పేచ్చి వైపు తిరిగింది. "అది కాదు ముత్తుప్పేచ్చీ. నెజమైన పాట్టు అది కాదు. నేను..." అంది.

"తెలుసు."

"ఏమి తెలుసు?"

"నువ్వు వచ్చిన దినమే తెలుసు. ఏ సినిమాకారుడు మిరపపండ్లు ఎత్తతాడే? నువ్వు మిద్దెమీద ఎత్తినావు కాబట్టి పాట్టులో ఎత్తినావు. అసలుది అందరమూ బస్సులో ఇంటిమి. ఇంటికి వచ్చి ఏడిస్తిమి కూడా. బాగుండాది. శానా బాగుండాది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆపేస్తువు," అంది ముత్తుప్పేచ్చి. "అది ఏటిది. ఇది మనది. రెండూ ఉండనీలే."

సీనియమ్మాళ్ చుట్టూ చూసింది. ఎనభై మంది. కొందరి జుట్టు నెరిసింది, కొందరు తర్వాత చేరిన పిల్లలు. ఇంతమంది ఇన్నేళ్ళు ఒక మాట నోరు జారకుండా దాచారు. నీళ్ళ బిందె దగ్గర రోజూ జుట్లు పట్టుకునే మనుషులు, మొగుడి రహస్యం పూటైనా దాచలేని మనుషులు, తన కోసం ఇది దాచారు. ఆ క్షణంలో ఆమెకు ఎనభైల పాటలన్నీ కలిపినా ఇంత పెద్దవి కావనిపించింది.

శివరంజని వంగి ముత్తుప్పేచ్చిని ఏదో అడిగింది. ముత్తుప్పేచ్చి వేలు చూపించింది. ఆ అమ్మాయి మైకు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకుని, పాట మళ్ళీ పాడుతున్నానని అరవంలో చెప్పింది. సినిమా పేరు చెప్పింది. మొదట పాడిన ఆమె పేరు చెప్పింది. రాసిన కవి పేరు చెప్పింది. ఆగి, "రెండో చరణం రాసినది, సీనియమ్మాళ్" అంది. స్తంభానికి కట్టిన స్పీకరులోంచి, ఒకప్పుడు ట్రాన్సిస్టరు తగిలించిన మేకు పక్కనుంచి, ఆ పేరు వచ్చింది.

ఫ్లూటు మొదలైంది. రెండో చరణం దగ్గరికి రాగానే అందరూ అలవాటుగా సీనియమ్మాళ్ మొదటి మాట అనాలని చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. మీరే పాడండి అన్నట్టు చెయ్యి చూపింది. ఇన్నేళ్ళూ ఎత్తుకునేది తనే కాబట్టి, ఆ చరణాన్ని తీరిగ్గా కూర్చుని వినే అవకాశం ఆమెకు ఎన్నడూ రాలేదు. వత్రాప్‌లో విన్నది భయంతో, ఇందాక చెవులు మూసుకుంది. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని, మబ్బు కమ్మిన దగ్గర్నుంచి చివరి మాట దాకా విన్నది.